తలుపు వైపు వాలిన సీటు

అరవై మూడేళ్ళు వచ్చేదాకా మా మామయ్య ముట్టుకున్న ఇనుము నాలుగే రకాలు: కత్తెర, సూది, ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను. గోడకి మేకు కొట్టాల్సి వస్తే అత్తయ్యనే పిలిచేవాడు. ఆవిడ ఒక చేత్తో సుత్తి పట్టుకుని, నోట్లో రెండు మేకులు కరిచిపట్టి, "పక్కకి జరగండి టైలరుగారూ, సున్నం మీద పడుతుంది" అనేది. మామయ్య బుద్ధిగా పక్కకి జరిగి, కిందపడ్డ సున్నం ఊడ్చేవాడు.

అలాంటి మనిషి ఒక పాత పికప్ బండిని బాగుచేస్తానని కూర్చున్నాడు. పానా అంటే ఏమిటో మాత్రం ఆయనకి ముందే తెలుసు. ఎలా తెలుసో చెప్పాలంటే వాళ్ళిద్దరూ కలిసిన రోజు దగ్గరికి వెళ్ళాలి.

అత్తయ్య ఐసు బండి నడిపేది. బండి వాళ్ళ నాన్నది, ఆయన తర్వాత ఆవిడదైంది. పొద్దున్నే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని, వాటి మీద రంపపు పొట్టు పోసి, తడి గోనెలు కప్పి, చేపల దుకాణాలకీ కూల్‌డ్రింకు కొట్లకీ చేరవేసేది. ఇరవై నాలుగేళ్ళు అదే పని. మామయ్యని కలిసేనాటికి ఆవిడకింకా పెళ్ళి కాలేదు. ఒకరోజు బండి రోడ్డు పక్కన ఆపి మామయ్య కొట్లోకి వచ్చింది.

"ప్యాంటు కుట్టాలి."

"ఎవరికమ్మా?"

"నాకే. జేబులు లోతుగా ఉండాలి. పానా పట్టాలి."

మామయ్య తల ఎత్తకుండానే అడిగాడట. "ఏ సైజు పానా?"

అత్తయ్య పానా తీసి బల్ల మీద పెట్టింది. మామయ్య టేపు తీసి ముందు పానాని కొలిచాడు. మనిషిని తర్వాత కొలిచాడు. ఆ కొలతల పుస్తకం ఇప్పటికీ కొట్లో ఉంది. నడుము, పొడవు, తొడ, వాటి కింద గుండ్రటి అక్షరాలతో "పానా: తొమ్మిదిన్నర" అని రాసి ఉంటుంది. నవ్వకుండా అడిగిన మగవాడు ఆయనొక్కడేననీ, అందుకే రెండో ప్యాంటుకి కూడా అక్కడికే వెళ్ళాననీ అత్తయ్య చెప్పేది. రెండో ప్యాంటు అవసరం అప్పట్లో ఆవిడకి లేదు.

పెళ్ళయ్యాక కూడా ఆవిడ ఆయన్ని టైలరుగారూ అనే పిలిచింది. ఆయన ఆవిడని డ్రైవరమ్మా అనేవాడు. పిల్లలు లేరు. చదువు కోసం నేను వాళ్ళింట్లో ఉండేదాన్ని. కాలేజీ లేని రోజుల్లో కొట్లో కూర్చుని గుండీలు కుట్టేదాన్ని, పాత కుట్లు విప్పేదాన్ని.

మామయ్యకి బండి పడదు. ఎక్కితే పది నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది. అన్నేళ్ళ కాపురంలో భార్య బండి ఆయన ఎక్కింది రెండేసార్లు. ఆ రెండుసార్లూ తల కిటికీ బయటే పెట్టుకుని కూర్చున్నాడు. "మీ మామయ్యకి నా బండి బయట చక్రం బాగా తెలుసు" అని అత్తయ్య ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

అత్తయ్య చెవులతో బండి నడిపేది. వెనక నుంచి నీళ్ళు కారే చప్పుడు వింటూ ఎన్ని దిమ్మలు నిలిచాయో, ఎన్ని కరిగాయో చెప్పగలిగేది. అది వినడానికి ఎప్పుడూ తలుపు వైపు ఒరిగి, మోచెయ్యి కిటికీ మీద వేసి, తల కాస్త బయటికి పెట్టి కూర్చునేది. బహుశా అందుకే, చూపు తగ్గుతోందన్న సంగతి ఆవిడక్కూడా చాలాకాలం తెలియలేదు. ఒక పొద్దున ఫ్యాక్టరీ గేటు స్తంభాన్ని గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. బండి దిగి, ముందు మడ్‌గార్డు చేత్తో తడిమి చూసుకుని, తాళంచెవి కాపలా మనిషి చేతిలో పెట్టి, గోడ పట్టుకుని ఇంటికి నడిచొచ్చింది. కంటి వెనక నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. మూడేళ్ళలో చూపు పూర్తిగా పోయింది. బండి మాత్రం ఫ్యాక్టరీ వెనక షెడ్డులో అలాగే ఉండిపోయింది.

పదకొండేళ్ళ తర్వాత ఆవిడకి మూత్రపిండాలు చెడ్డాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఒకరోజు అక్కణ్ణుంచి వచ్చి మంచం మీద పడుకుని, ఎవరితోనో అన్నట్టు అంది.

"కలలో ఇప్పటికీ నడుపుతున్నాను. సీట్లో కూర్చోగానే చూపు వచ్చేస్తోంది. అంతా కనబడుతుంది, రోడ్డూ, కొట్లూ. ఒక్కసారి ఆ సీట్లో కూర్చుంటే బాగుండును."

మామయ్య గడప దగ్గర నిలబడి విన్నాడు. అదే నెలలో ఫ్యాక్టరీ మూతపడి, షెడ్డు కూలగొడుతున్నారనీ, బండి తీసుకెళ్ళకపోతే ముక్కలు చేసి పాత ఇనుముకి వేసేస్తారనీ కబురొచ్చింది. మామయ్య ఆ కబురు అత్తయ్యకి చెప్పలేదు. నాకు చెప్పాడు. తర్వాత మెకానిక్కుకి చెప్పాడు.

మెకానిక్కు ఒకప్పుడు అత్తయ్య బండిలో ఐసు దించిన మనిషి. పని నేర్చుకుని మాకు రెండు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆవిడని అక్కా అంటాడు, ఆ లెక్కన మామయ్య ఆయనకి బావ. బావని ఆటపట్టించే హక్కు ఒక్కరోజు కూడా వదులుకోలేదు.

తాళ్ళు కట్టి లాక్కొచ్చిన బండిని చూసి మెకానిక్కు నడుం మీద చేతులు వేసుకున్నాడు. బండి అడుగు భాగం జల్లెడలా ఉంది. ఏళ్ళ తరబడి కారిన ఐసు నీళ్ళకి వెనక చెక్కలు కుళ్ళిపోయాయి, ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. సీటు లోపల ఎలుకలు సంసారం పెట్టాయి.

"బావా, దీన్ని బాగుచెయ్యడం కాదు, దీనికి సంతాపసభ పెట్టాలి."

"పొద్దున ఏడింటి నుంచి పదకొండు దాకా వస్తాను. ఏం చెయ్యాలో చెప్పు. చేతులతో నేనే చేస్తాను. ఇంజను నీది."

"పానా ఎప్పుడైనా పట్టుకున్నావా?"

"పట్టుకోలేదు. జేబు కుట్టాను."

అలా మొదలైంది. కొట్టు పదకొండింటికి తెరిచేవాడు. అంతకుముందు నాలుగు గంటలూ షెడ్డులో. మొదటి వారం బోల్టులు విప్పడంతోనే సరిపోయింది. ఒక్కోదానికి కిరసనాయిలు పోసి మర్నాటిదాకా నానబెట్టాలి. విప్పిన బోల్టుల్ని మామయ్య గుడ్డ సంచులు కుట్టి వాటిలో వేసి, దారంతో మూతి కట్టి, ఒక్కో సంచి మీద పేరు కుట్టాడు: "ముందు మడ్‌గార్డు", "తలుపు పై కీలు". రాయలేదు, ఎర్ర దారంతో కుట్టాడు. మెకానిక్కు ఆ సంచుల్ని ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశాడు. "నా పెళ్ళికి కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా కుట్టలేదు బావా" అన్నాడు చివరికి.

అడుగు భాగానికి కొత్త రేకు అతకాలి. మామయ్య ముందు కాగితం మీద నమూనా కత్తిరించి, దాన్ని రేకు మీద పరిచి, దర్జీ సుద్దతో గీత గీశాడు. మెకానిక్కు రేకు కోసి తీరా కూర్చోబెట్టబోతే నాలుగు వైపులా అరంగుళం ఎక్కువ వచ్చింది.

"ఇదేంటి బావా?"

"మడత కోసం వదిలాను."

"ఇది లంగా అనుకున్నావా, అంచు మడవడానికి?"

మామయ్య ముఖం చిన్నబోయింది. కానీ ఆ అరంగుళాన్ని సుత్తితో మడిచి అతికితే అంచు గట్టిగా నిలబడింది. ఆ తర్వాత మెకానిక్కు తనే, "మడత వదిలావా?" అని అడిగి మరీ కోసేవాడు. ఐదో నెలలో ఇంజను మొదటిసారి పలికింది. ఆ చప్పుడుకి మామయ్య షెడ్డులోంచి వీధి మధ్యలోకి పరిగెత్తాడు. అక్కడ నిలబడి, రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, నవ్వుతూ ఉండిపోయాడు. ఆయన అంత బాహాటంగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇంట్లో అత్తయ్య దగ్గర దాచడమే కష్టం. ఒకరోజు నన్ను పిలిచింది.

"ఏమే, మీ మామయ్య దగ్గర కిరసనాయిలు వాసన వస్తోందేంటి?"

"మిషనుకి నూనె వేస్తున్నాడేమో అత్తయ్యా."

"మిషను నూనె వాసన నాకు తెలీదా? ఇన్నేళ్ళు దాని పక్కనే పడుకున్నాను. నీకు అబద్ధం చెప్పడం కూడా రాదే, ఇంక ఆ చదువులు చదివి ఏం లాభం?"

నేను నసుగుతుంటే ఆవిడే ఊరుకుంది. ఏదో ఉందని తెలిసింది, ఏమిటన్నది అడగలేదు. ఆ నెలల్లో ఆవిడ ముఖంలో ఒక ఎదురుచూపు ఉండేది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజుల్లో కూడా ఉండేది.

ఇక సీటు. దాని గురించి రాయాలంటే నా తప్పు కూడా రాయాలి.

లోపలి పీచంతా ఎలుకలు కొరికేశాయి. స్ప్రింగులు విరిగి పైకి పొడుచుకొచ్చాయి. జబ్బు మనిషిని దాని మీద కూర్చోబెట్టడం కుదరదు. కొత్త సీటు చెయ్యక తప్పదు. పాత కవరు విప్పితే దాన్నే ఆదిగా పెట్టుకుని కొత్తది కత్తిరించవచ్చు. కొత్త జాకెట్టు కుట్టడానికి పాత జాకెట్టు ఆదిగా ఇస్తారు చూడండి, అలాగే. కుట్లు విప్పడం నా పని కనుక నేనే విప్పాను. విప్పి పరిస్తే తలుపు వైపు భాగం అవతలి వైపు కంటే ఒకటిన్నర అంగుళం పొడుగొచ్చింది.

"మామయ్యా, ఇది రెండు వైపులా సమంగా లేదు."

ఆయన వచ్చి చూశాడు. రెండు వేళ్ళతో ఆ సాగిన చోట నిమిరాడు.

"ఒక పక్కకే కూర్చుంటే గుడ్డ సాగుతుంది. ఒక భుజం వాలినవాళ్ళకి కోటు కుట్టేటప్పుడు ఏం చేస్తాం? ఆ పక్క కాస్త దూది ఎక్కువ పెడతాం. వేసుకుంటే లోపం కనబడకూడదు. అదే పనితనం."

నేను తలూపాను. ఆయన రెండు వైపులా సమం చేసి, తలుపు వైపు ఫోము కాస్త దట్టంగా పెట్టి, ముదురు నీలం కాన్వాసు గుడ్డతో సీటు కుట్టాడు. అంచులకి తెల్ల పైపింగు. అంత చక్కటి కుట్టు నేను కోటుల మీద కూడా చూడలేదు. అది చూసుకున్నాక ఆయనకి చేతులు ఆగలేదు. స్టీరింగుకి మెత్తటి తోలు తొడుగు కుట్టాడు. గేరు కర్ర చివర బంతి విరిగిపోయి, అత్తయ్య ఏనాడో చుట్టిన జిడ్డు పేలిక ఉండేది. అది తీసేసి నున్నటి కొత్త బంతి పెట్టించాడు. తలుపు గడగడలాడుతుంటే కీళ్ళు బిగించాడు. డ్యాష్‌బోర్డు అర మూత చప్పుడు చేస్తుంటే లోపల ఉన్ని గుడ్డ అతికించాడు. ఏడు నెలలకి బండి చప్పుడు లేకుండా, వంకర లేకుండా, కొత్త రంగు వాసనతో నిలబడింది.

ఆ పొద్దున అత్తయ్యకి పాత ప్యాంటు తొడుక్కోమని మామయ్య చెప్పాడు. నడుము దగ్గర ముందే లోపలికి కుట్టి పెట్టాడు. "ఏంటో ఈ సింగారం" అంటూనే ఆవిడ తొడుక్కుంది. ఆయన భుజం మీద చెయ్యి వేసి రెండు వీధులు నడిచింది. షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చి, "మెకానిక్కు కొట్టా ఇది? కొత్త రంగు వేశారే దేనికో" అంది. మెకానిక్కు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మామయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని తలుపు తీసి, ఎక్కించి కూర్చోబెట్టాడు.

ఆవిడ కూర్చుంది. చేతులు స్టీరింగు మీదికి వెళ్ళాయి, తోలు తగిలి కాస్త ఆగాయి. గేరు మీదికి వెళ్ళాయి. ఆ నున్నటి బంతి చుట్టూ వేళ్ళు ఒకసారి తిరిగి, దేనికోసమో కిందా పైనా వెతికి, ఒళ్ళోకి వచ్చేశాయి. తలుపు వైపు ఒరగబోయింది. సీటు ఒరగనివ్వలేదు. నిటారుగా, చుట్టాలింటికి వెళ్ళినట్టు కూర్చుంది.

"ఎవరిది టైలరుగారూ ఈ బండి?"

మెకానిక్కు పగలబడి నవ్వాడు. "ఎవరిదేంటక్కా, నీదే! నీ ఐసు బండి! బావ ఏడు నెలలు పడ్డాడు దీని మీద!"

"నాదా?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముఖం నిండా నవ్వు తెచ్చుకుని అంది, "బాగుంది. చాలా బాగుంది."

నలభై ఏళ్ళు కొట్లో అద్దం పక్కన నిలబడ్డవాడికి ఆ మాట తెలియకుండా ఉండదు. చంక దగ్గర పట్టేసిన చొక్కా వేసుకుని, టైలరు మనసు నొప్పించడం ఇష్టంలేక, అద్దంలో ఇటూ అటూ తిరిగి బాగుందనే గిరాకీలుంటారు. ఆ చొక్కా పెట్టె అడుక్కి పోతుంది, మళ్ళీ వెలుగు చూడదు. నేను మామయ్య ముఖం చూశాను. చెవి మీద సుద్ద తీసి చేతిలో పట్టుకుని, దాన్ని నలుపుతూ నిలబడ్డాడు.

మెకానిక్కు ఇంజను స్టార్టు చేశాడు. "ఇంజను చక్కగా పలుకుతోందిరా" అంది అత్తయ్య, ఇంకొకరి బండిని మెచ్చుకున్నట్టు. పది నిమిషాల తర్వాత అలిసిపోయానని దిగింది.

ఆ సాయంత్రం మామయ్య మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను వంటగదిలో ఉన్నాను, అయినా అన్నీ వినబడ్డాయి.

"నాతో గిరాకీలా మాట్లాడకు డ్రైవరమ్మా. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పు."

"తేడా ఏముంది? అంత పని చేశారు."

"చెప్పు."

అత్తయ్య గొంతు వినబడింది. "నా సీట్లో కూర్చుంటే నేను తలుపు మీదికి జారేదాన్ని. జారి ఆగేచోట ఒక గుంట ఉండేది. ఆ గుంటలో పడ్డాక ఇంక నేను ఏమీ చూసుకోనక్కర్లేదు, చేతులే వెళ్ళేవి. ఇవాళ నా చేతులకి ఏ దారీ తెలీలేదు. నాదని మీరు చెప్తే నమ్మాను, అంతే. నమ్మడం వేరు కదండీ."

మామయ్య కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"బండికి కొలతలు తీసుకున్నాను" అన్నాడు తర్వాత. "నీకు తీసుకోలేదు. ట్రయల్ కూడా వెయ్యలేదు. ట్రయల్ వెయ్యకుండా నేను ఎవరికీ ఏదీ ఇవ్వలేదు ఇంతవరకు."

"నాకు చెప్పకుండా చెయ్యాలనుకున్నారుగా."

"అదే తప్పు."

వంటగదిలో నేను గిన్నె కడుగుతూ ఉండిపోయాను. ఆ గుంటని కుట్టు కుట్టుగా విప్పింది నేనే. ఆ పాత కవరు ఏమైందని మర్నాడు వెతికాం. ఎలుకల కంపు కొడుతోందని మెకానిక్కు ఎప్పుడో తగలబెట్టేశాడు. కాగితం నమూనా ఉంది, కానీ అది మామయ్య సమం చేసిన నమూనా.

మర్నాడే మామయ్య షెడ్డుకి వెళ్ళి సీటు కుట్లు విప్పేశాడు. మెకానిక్కు తల బాదుకున్నాడు.

"ఏడు నెలలు కూర్చుని చప్పుళ్ళన్నీ పోగొట్టాం. ఇప్పుడు మళ్ళీ పెట్టమంటావా?"

"పెట్టు."

"ఎంత పెట్టను? గ్లాసులో పోసి చూపించు."

"మీ అక్కే చెప్తుంది."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున ట్రయల్. దర్జీ కొట్లో ట్రయల్ అంటే పక్కా కుట్టు వెయ్యకముందు, తెల్ల దారంతో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి, మనిషికి తొడిగి చూడటం. ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదులైందో చూసి, సుద్దతో గుర్తు పెట్టి, దారం లాగేసి సవరిస్తారు. మామయ్య సీటుని అలాగే చేశాడు. అత్తయ్య ఎక్కి కూర్చునేది. ఆయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, "ఇక్కడా?" అని అడిగేవాడు. "ఇంకా వెనక్కి." "ఇక్కడ?" "ఆఁ, అక్కడ దిగాలి." సుద్ద గీత. తెల్ల దారం. మళ్ళీ ఆదివారం.

మెకానిక్కు తలుపు బోల్టు అర చుట్టు వదులు చేసి తలుపు ఊపేవాడు.

"ఇంతేనా అక్కా?"

"అంత కాదురా, పెళ్ళివారి బ్యాండులా ఉంది. గతుకులో పడితేనే పలకాలి."

"షెడ్డులో గతుకు ఎక్కణ్ణుంచి తేను?"

"బండి మీద నువ్వెక్కి గంతెయ్యి. అప్పట్లో ఎప్పుడూ అదే పని కదా నీకు."

యాభై ఏళ్ళ మనిషి వెనక చెక్కల మీదికెక్కి గంతులు వేశాడు. అత్తయ్య కళ్ళు మూసుకుని విని, "ఆఁ, వస్తోంది" అంది. గేరు కర్రకి పేలిక చుట్టాం. రంపపు పొట్టు తెచ్చి నీళ్ళు చల్లి వెనక పోశాం. ఆ వాసనకి ఆవిడ తల తిప్పింది. చిన్న చిన్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. సీటు మాత్రం రాలేదు.

ఎందుకు రావట్లేదో నాకన్నా ముందే మామయ్యకి తెలిసి ఉండాలి. ప్రతి ట్రయల్‌కీ ఆయన ఆవిడ కొలతలు కూడా తీసుకునేవాడు. పుస్తకంలో అత్తయ్య పేజీకి వెళ్తే పానా తొమ్మిదిన్నర అన్న చోట నడుము ముప్ఫై నాలుగు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ముప్ఫై ఆరు. ఇప్పుడు ఆదివారం ఆదివారం: ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిదిన్నర. ఇరవై ఎనిమిది. ఆయన ఒక వారం ఫోము తీసి లోతు చేస్తే, వచ్చే వారానికి ఆ లోతుకి తగ్గ మనిషి ఉండేది కాదు. ఆవిడ బరువుకి గుంట దిగేది కాదు. గుంట ఇంకా లోతు చేస్తే ఆవిడ అందులో మునిగిపోయి, చేతులు స్టీరింగుకి అందేవి కావు.

పదకొండో ట్రయల్ రోజు అత్తయ్య సీట్లో కూర్చుని, అడగకుండానే అంది.

"ఇంక చాలు టైలరుగారూ. సీటు తప్పేం లేదు. ఇది పెద్ద మనిషి కూర్చునే సీటు. డెబ్భై కిలోలుండేది, పొద్దున్నే ఐసు దిమ్మ భుజాన మోసేది. ఆవిడని తీసుకురండి, సరిగ్గా సరిపోతుంది."

మామయ్య మోకాళ్ళ మీదే ఉన్నాడు. చేతిలో సుద్ద ఉంది.

"ఇంకో అరంగుళం తీసి చూస్తాను" అన్నాడు.

అత్తయ్య చెయ్యి చాపి ఆయన తల ఎక్కడుందో వెతుక్కుంది. జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, చాలాసేపు అలాగే ఉంచింది. మెకానిక్కు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"సరే" అని అత్తయ్య అనడం వినిపించింది. "ఇంకో అరంగుళం."

ఆ వారమంతా మామయ్య కొట్టు తెరవలేదు. అరంగుళం తీశాడు. కచ్చా కుట్లు వేసి ఆదివారానికి సిద్ధం చేశాడు. శనివారం పొద్దున అత్తయ్యకి ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ తొమ్మిది రోజులుంది. చివరి రోజుల్లో ఒకసారి మగత నుంచి తేరుకుని అడిగింది.

"సీటు అయిందా?"

"కచ్చా కుట్లు వేశాను. నువ్వొచ్చి కూర్చుంటే పక్కా కుట్టు వేసేస్తాను."

"వేసేయండి. బాగుంటుంది."

ఆ మాట గిరాకీ మాటో, ఆవిడ మాటో తనకి తెలియలేదని మామయ్య తర్వాత నాతో అన్నాడు. నలభై ఏళ్ళలో తెలియకపోవడం అదే మొదటిసారట.

ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. బండి మెకానిక్కు షెడ్డులోనే ఉంది. వారానికోసారి ఇంజను తిప్పకపోతే పట్టేస్తుందని ఆయన ఆదివారం పొద్దున స్టార్టు చేస్తాడు. ఆ పావుగంట మామయ్య వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. కదలని బండి కాబట్టి కడుపులో తిప్పదు. తల కిటికీ బయట పెట్టుకోకుండా, ముందుకు చూస్తూ కూర్చుంటాడు. నడిపేవాళ్ళ సీటు మీద తెల్ల దారం కచ్చా కుట్లు అలాగే ఉన్నాయి. పక్కా కుట్టు వేసుకోమని మెకానిక్కు ఒకసారి అన్నాడు. మామయ్య విననట్టు కిటికీ అద్దం తుడిచాడు. మళ్ళీ ఎవరూ అనలేదు.

పోయిన ఆదివారం నేను కూడా వెళ్ళాను. "ఒకసారి కూర్చోనా మామయ్యా?" అని అడిగాను. ఇంతవరకు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "కూర్చో తల్లీ, దారం తెగకుండా" అన్నాడు.

మెల్లగా కూర్చున్నాను. సీటు నన్ను తలుపు వైపు లాగింది. మోచెయ్యి దానంతటదే కిటికీ మీదికి వెళ్ళింది. నడుం కింద లోతు ఎక్కువైంది. అక్కడ ఖాళీ, చెయ్యి పట్టేంత. నేను సర్దుకోవడానికి కదిలాను.

"ఎక్కడ వదులైంది?" అన్నాడు మామయ్య.

చెవి మీద సుద్ద అప్పటికే ఆయన చేతిలోకి వచ్చేసింది. నా వైపు వంగి, గీత గీయబోయి ఆగాడు. సుద్ద వైపు చూశాడు. దాన్ని మళ్ళీ చెవి మీద పెట్టుకుని, నెమ్మదిగా వెనక్కి ఆనుకున్నాడు.

ఇంజను తిరుగుతూనే ఉంది. మేమిద్దరం పావుగంట అయ్యేదాకా అలాగే కూర్చున్నాం.